చలువ మేస్త్రిగారి నోటుబుక్కు

1988 జూలై నాలుగవ తేదీన మా వేధశాలలో శీతలీకరణ సాంకేతికులుగా చేరి, మా అందరిచేత ‘చలువ మేస్త్రి’గారని పిలిపించుకున్న పెద్దలు, ముప్పై ఆరేళ్ళ అవిరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

దూరదర్శిని చివరనుండే పరారుణ గ్రాహకాన్ని ద్రవ నత్రజనితో చల్లగా ఉంచడం వారి బాధ్యత. కాస్త వేడెక్కినా అది తన వేడినే ఆకాశపు వెలుగుగా లెక్కగడుతుంది.

వారు చేరిన ఆరో ఏట నేను కొత్త పరిశోధకుడిగా వచ్చాను. క్వేజార్లు, అంటే సుదూర గెలాక్సీల నడిబొడ్డున అతి ప్రకాశంగా వెలిగే కేంద్రాలు; వాటి పరారుణ కాంతి కేంద్రం చుట్టూ కాగిన ధూళి నుంచి వస్తోందా, కేంద్రంలోని ఎలక్ట్రాన్ల నుంచి నేరుగా వస్తోందా అన్నది నాటి వివాదం. సువిశాలంగా పరచుకున్న ధూళి వెలుగు కొద్ది రోజుల్లోనే మారిపోదు. నా క్వేజారు మాత్రం మూడేసి రోజులకోసారి పెరిగి తగ్గుతోంది! పరికరం సరిగ్గా ఉందో లేదో రోజూ సరిచూసుకోవాల్సిన పోలిక నక్షత్రాన్ని నత్రజని నింపిన రోజే కొలిచి ఊరుకున్న నేను, ధూళి వాదం తప్పంటూ వ్యాసం రాసి, కవరు అంటించి, తపాలా గదికి బయలుదేరాను.

నడవలో మేస్త్రిగారు ఆపారు. “సార్, మీ వెలుగు పెరిగిన రోజులూ, నా నత్రజని డబ్బా అడుగంటిన రోజులూ ఒకటేనండి. ఆ వేడి ఆకాశంలోది కాదేమో, మనింట్లోదేమో.”

“మీ పని మీరు చూసుకోండి,” అని కసిరాను.

“చూసుకునే చెప్తున్నానండి,” అంటూ నత్రజని నింపిన తేదీలున్న నోటుబుక్కు నా చేతిలో పెట్టారు.

తేదీలు సరిపోల్చి చూస్తే అన్నీ కలిశాయి; కవరు తపాలాలో వేయకుండా వెనక్కి తీసుకెళ్ళాను. ఆపైన నలభై రోజులు వారు ప్రతిరోజూ నత్రజని నింపారు. క్వేజారు వెలుగు నిలకడగా నిలిచింది. ధూళే కారణమని రాసిన రెండో వ్యాసమే నాకు పేరు తెచ్చింది. మొదటిది అచ్చయి ఉంటే నా బతుకు నవ్వులపాలయ్యేది.

ఈ సంగతి వారు ఎన్నడూ బయటపెట్టలేదు. మొన్న వారి శ్రీమతితో చెబితే ఆమె విస్తుపోయారు. “నాతో కూడా అనలేదు అన్నయ్యగారూ! ఈయనకి కాఫీ అయినా, ఏదైనా చల్లారాల్సిందే. నా కోపం చల్లారేదాకా ఇంటికే రారు,” అని నవ్వారు.

మేస్త్రిగారూ, ఆనాడు కసిరినందుకు ఇందరి ఎదుట క్షమాపణ కోరుతున్నాను. నా గౌరవమంతా మీరు పెట్టిన భిక్ష. ఇకనైనా కాఫీ చల్లారకముందే తాగుతూ, మా చెల్లెమ్మతో కలిసి, నిండు ఆరోగ్యంతో చిరకాలం వెచ్చగా జీవించండి.