పలకని మెట్టు

ఏమర్రా, ఇందాకటి నుంచి వింటున్నాను, మీరు వాయిస్తున్నది సొనాటానా, దుప్పట్లు ఉతుకుతున్నారా? నవ్వకు, నిన్నే అడుగుతున్నది. ఒక్క తప్పూ రాలేదు గదా అమ్మమ్మా అంటావు. తప్పు రాకపోవటం వేరు, బాగుండటం వేరు. బళ్ళో చెప్పీ చెప్పీ అరిగిపోయిన నోరు నాది, అయినా ఇంకోసారి చెప్తాను, అటు తిరక్కుండా విను. నువ్వూ రారా, ఆ తలుపు పట్టుకుని ఊగకు, ఊడొస్తుంది. పైగా పియానో మధ్యలో ఆ తెల్ల మెట్టు నొక్కితే పలకటం లేదని రేపు రిపేరతన్ని రమ్మన్నారట! ఎవర్ని అడిగి రమ్మన్నారూ?

ఆ మెట్టు మా అక్క నేర్చుకునే నాటికే మూగది. అక్కంటే మీ పెద్దమ్మమ్మ, మీరు చూళ్ళేదులే. మా నాన్న ఈ పియానోని ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చాడు. మెట్టు బాగు చేయించమంటే, "అన్ని మెట్లున్నాయి, ఒకటి పలక్కపోతే కొంపలేం మునుగుతాయి?" అనేవాడు. అదీ మా నాన్న! సరే, అక్క ఏం చేసేదంటే, వాయిస్తూ వాయిస్తూ ఆ మెట్టు దగ్గరికి రాగానే వేలు నొక్కి, ఆ స్వరం తనే నోటితో అనేది. "ఆఁ" అని. మాకు అలవాటైపోయింది. కూర తిరగమోత పెడుతూ మా అమ్మ కూడా అక్కడికొచ్చేసరికి "ఆఁ" అనేది. ఏం చెప్తున్నాను? ఆఁ, అక్క ఉద్యోగం సంగతి. సంగీతం బడిలో పియానో టీచరు కావాలన్నారు. అది రాకపోతే పియానో అమ్మేస్తానని నాన్న తేల్చి చెప్పేశాడు, ఇంట్లో మంచం వేసుకునే చోటు లేదట.

సొనాటా అంటే ఏమిటో చెప్పు చూద్దాం. చెప్పలేవు, తెలుసు. ఒక పాట తనింట్లో మొదలవుతుంది. పొరుగింటి నుంచి ఇంకో పాట వస్తుంది. రెండూ కలిసి బయల్దేరి, కీచులాడుకుని, దారి తప్పి, ఎక్కడెక్కడో తిరుగుతాయి. ఇక రాదులే అనుకున్నాక మొదటి పాట ఇంటికొస్తుంది. స్వరం మారదు. అదే పాట. మొదట విన్నప్పుడు ఊరికే బాగుందనిపించింది, ఇప్పుడు చేతిలో పని ఆపించేస్తుంది. ఎందుకూ? పాట మారలేదు తల్లీ, ఎదురుచూసిన నువ్వు మారావు. నువ్వేమో అది గుమ్మంలోకి రాకముందే తలుపు వేసేస్తున్నావు!

సరే, ఉద్యోగం పరీక్ష రోజు అక్క ఇదే సొనాటా ఎత్తుకుంది. అక్కడి పియానో కొత్తది, అన్ని మెట్లూ పలుకుతాయి. మొదటిసారి ఆ స్వరం రాగానే మెట్టూ పలికింది, అలవాటు కొద్దీ మా అక్కా పలికింది. కళ్ళజోడు పెద్దాయన చిరాగ్గా, "నోరు మూసుకో అమ్మాయ్, వేళ్ళు చాలు" అన్నాడు. మా అక్క మూతి బిగించి వాయించింది. చివర పాట తిరిగొచ్చింది, ఆ స్వరం ముందు అక్క వేలు ఆగింది. ఒక్క రవ్వంత. తర్వాత మెల్లిగా నొక్కింది. పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. నేను వెనక బెంచీ మీదే ఉన్నాను గదా, చూశాను. ఉద్యోగం వచ్చింది. ఇక చూడు ఆ బడివాళ్ళ మాటలు! "పాపం, ఏం దుఃఖముందో." "తల్లి లేని పిల్లటండీ." మా అమ్మ నిక్షేపంగా ఉంది, ఈ మాట విని గరిటె పట్టుకునే బడికి బయల్దేరబోయింది.

అసలు తంటా తర్వాత. బడి వార్షికోత్సవానికి మళ్ళీ అదే వాయించమన్నారు, అలాగే ఏడిపించాలట. అక్క రోజూ కావాలని ఆగటం, "ఎలా ఉందే?" అని నన్ను పీక్కుతినటం. "బస్సు కోసం ఆగినట్టుంది" అనేదాన్ని. కళ్ళు మూసుకుంటుంది, ఊగుతుంది, నిట్టూరుస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. చివరికి విసుగెత్తి, "ఆపవే తల్లీ, మామూలుగా ఆ ఆఁ ఏదో అనుకుంటూ వాయించు" అన్నాను. వాయించింది. అదిగో, ఆ రవ్వంత ఆగటం వచ్చేసింది! ఎలా? నోటితో పాడేవాళ్ళు స్వరం ముందు ఊపిరి పీల్చుకోవాలి గదరా. పరీక్షలో నోరు మూసుకుంది గానీ ఊపిరి అలవాటుగా పీల్చింది. అంతే, దుఃఖమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ తర్వాత జీతం చేతికొచ్చి నాన్నే రిపేరతన్ని తీసుకొస్తే, ఇదిగో, ఈ మూత మీదెక్కి కూర్చుంది మా అక్క. దిగలేదు. నేర్చుకోవటానికొచ్చిన ప్రతి పిల్లా ఈ మెట్టు దగ్గర నోరు తెరవాల్సిందే. తను పోయేదాకా అంతే.

ఏమిటలా చూస్తావ్? ఫోన్ చేసి అతన్ని రావద్దను. దుప్పటి సగం ఆరేసి వచ్చాను, నేల మీద ఈడుస్తోంది. నువ్వు మొదట్నుంచి వాయించు. సిగ్గయితే ఆ "ఆఁ" నువ్వనక్కర్లేదు, అక్కడికొచ్చినప్పుడు దండెం దగ్గర్నుంచి నేనంటాను. తొందరపడి చావకు, అనేముందు నోట్లోంచి బట్టల క్లిప్పులు తీసుకోనీ.