చెవులు లేని పొట్టేళ్ళు

ఏంది జగదీశా, సెల్లు చూసుకుంటా అంత తిట్లు తిడతాండావు? లంచాలు తినే నా కొడుకులనా? తిట్టప్పా, తిట్టు, తిట్టేదానికి దుడ్లు పడవు. నేనూ శానా తిట్టినా. అయితే సలాం సారు సంగతి నీకెవురన్నా చెప్పినారా? నువ్వప్పుడు హాస్టల్లో ఉంటివిలే. అబ్దుల్ సలాం, మనూరి పశువుల డాక్టరు. పొద్దుటూరు నుంచి బస్సులో మైలవరం దాకా వచ్చి, ఆడ ఆటో ఎక్కి, అన్నం డబ్బీ సంకలో పెట్టుకోని దిగుతాండె. మన ఇండ్లల్లో టీ గూడా తాగడు. మనోళ్ళకు అదే కోపం. టీ తాగనోడు రేపు మన పనేం చేస్తాడు అంటాండిరి. అదీ నిజమే గదా, ఒక లెక్కకు.

రాష్ట్రం ఇడిపోయిన మరుసటేడు. వానల్లేవు, మేత లేదు. జీవాలకు ఇన్సూరెన్సు చేసి చెవికి పసుప్పచ్చ బిళ్ళ కొట్టింటిరి. గొర్రె చస్తే బిళ్ళొకటే తెస్తే కాదు, చెవితో సహా కోసుకోని రావాల, డాక్టరు చూసి చచ్చిందని సంతకం పెట్టాల, అప్పుడే దుడ్లొచ్చేది. ఓహో, అంతేనా అనుకుంటిమి. చెవి కోస్తే గొర్రె చస్తాదా? పసుపు పూస్తే నాలుగు దినాలకు మానుతాది. ఊరంతా కోసిరి. నేను పదకొండు కోసినా, దాపరికమెందుకు. సంచి ఇప్పి చూసి సలాం సారు, 'చెవులొచ్చినాయి, సరే. తక్కిన గొర్రె యాడప్పా?' అనె. పూడ్చినాం సారూ అంటి. 'పా, యాడ పూడ్చినావో చూపియ్యి' అనె. ఏం చూపియ్యాల? అవి ఆస్పత్రి ఎనకాల తుమ్మకాయలు నములుతాండాయి. సర్కారు సొమ్మే గదా సారూ, నీ ఇంట్లోదా అంటి. 'సొమ్ము సర్కారుదే, సంతకం నాది గదప్పా' అనె.

అంతే, ఊరికి పౌరుషమొచ్చె! ఈ డాక్టరు గొర్రెకు మున్నూరు లంచం అడుగుతాండాడని అర్జీ రాపిచ్చినాం. మున్నూరే ఎందుకంటే, రెన్నూరంటే పైవోళ్ళు నమ్మరని ఒకడు, ఐన్నూరంటే మరీ పాపమని ఒకడు, సంతలో బేరమాడినట్ల తెగ్గొట్టినాం. మా ఇంటిది నాగులమ్మ ఊరుకోలే. 'మన మేక ఈనలేకుంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి పిల్లను తీసినోడు, ఆయప్ప మీదనా నువ్వు ఏలుముద్ర ఏసేది?' అనె. ఆడదానివి నీకేం తెలుసు పో అని మొదటి ముద్ర నేనే ఏస్తి. పెద్దమనిషిని గదా మరి.

సస్పెండు చేసిరి. గొర్రెలు తినేటోడు పోయి బర్రెలు తినేటోడొచ్చె అంటారే, మేమైతే ఏమీ తిననోన్ని తరిమి తినేటోన్ని తెచ్చుకుంటిమి. కొత్తాయన ఇన్సూరెన్సు దుడ్లలో మూడోవంతు తీసుకోని, చెవి చూడకనే సంతకాలు పెట్టె. 'మంచోడప్పా, మాటంటే మాటే' అని ఊరంతా మెచ్చుకునె.

ఇంక బక్రీదొచ్చె. జమ్మలమడుగు సంతకు పొట్టేళ్ళను తోలుకపోతిమి. పొద్దుటూరోళ్ళు వచ్చిరి, పండ్లు చూసిరి, నడుం పట్టి చూసిరి, చెవి కాడికొచ్చేసరికి చెయ్యి ఎనక్కి తీసుకునిరి. చెవి తెగిన జీవం కుర్బానీకి పనికిరాదు గదా! తాతల కాన్నుంచి వాళ్ళకు అమ్మేటోళ్ళం, మాకు తెల్దా? తెలుసు. కత్తి పట్టుకున్నప్పుడు యాదికి రాలే. కసాయోనికి సగం ధరకు ఇచ్చుకుంటిమి.

ఆడికే సలాం సారు వచ్చె. శానా చిక్కిపోయిండె. నా పొట్టేలు నుదురు నిమిరి, 'కుళ్లాయప్పా, ఇది చచ్చిపోయింది గదా పాపం' అనె. నవ్వితే బాగుండు, నవ్వలే. పక్కకు పిల్చి, 'సోమవారం కడపలో ఎంక్వైరీ ఉంది. మొదటి ముద్ర నీది, నీ మాటింటారు. నేను తీసుకోలేదని ఒక్కమాట చెప్పు చాలు. చెవుల సంగతి ఎత్తొద్దులే, మీకు ఇబ్బంది' అనె. చూస్తివా? నన్ను గూడా కాపాడాలని చూసె ఆ మనిషి. వస్తా సారూ, తప్పకుండా వస్తా అంటి.

ఆ ఏడు తిరక్కుండానే సారు పాయె. ఉద్యోగం రాలే, పేరూ రాలే. లంచం తిన్న డాక్టరనే పేరుతోనే మట్టిలోకి పాయె. నేనా? బస్సు రాలేదని కబురంపిస్తి. బస్సు వచ్చిందప్పా. నా ముందరే నిలబడె. 'ఎక్కు పెద్దాయనా' అని కండక్టరు రెండు తూర్లు పిలిచె.

... ఆ కుక్కను అదిలిచ్చప్పా, దొడ్డి కాడికి పోతాంది.