సింహం బొమ్మ బెల్టు

రాప్తాడులో ఆదివారం పొద్దున. వీధికుక్కలను పట్టించాలని కాలనీ గ్రూపులో వారం నుంచి వాదిస్తున్న భర్త ముందు ఆమె బొరుగుల ఉగ్గాని, బజ్జీల ప్లేటు పెట్టింది. ఆయన ఫోను మీంచి తల ఎత్తకుండానే ఒక బజ్జీ అందుకున్నాడు.

"ఉగ్గాని చల్లారిపోతాంది, తినప్పా."

"ఉండు. కుక్కలకు కూడు పెట్టేవాళ్ళకి జరిమానా ఎయ్యల్లని రాసినా. నలభై మంది దండం బొమ్మలు పెట్టినారు."

"కుక్కల్ని పట్టకపొమ్మని ఇచ్చిన అర్జీలో మొదటి సంతకం ఎవురిది?"

"నాదే. నా మాటకు ఈడ అంత విలువ ఉండాది."

"ఉంటాది. మరి వాకిట్లో ఆ వీధికుక్క, మన నల్లోని నోట్లో సగం బజ్జీ యాడిది?"

"అదా... కారం ఎక్కువైంటే పారేసినా."

"రోజూ నువ్వు పారేసే బిస్కెట్టు గూడా కారమేనా?"

ఆయన ఉగ్గాని మీద నిమ్మకాయ పిండుకున్నాడు.

"కుక్కల బండి పక్క వీధిలోకి వచ్చిందంట," అంది ఆమె. "మెడకు పట్టీ లేనివాటిని ఎత్తుకపోతాండారంట."

"ఈ పొద్దేనా?"

"నీ సంతకానికి అంత విలువ ఉండాది కదా."

"నల్లోడు ఎవుర్నీ కరిసినోడు కాదే!"

"ఆ మాట గ్రూపులో పెట్టు."

"పెడితే నా మర్యాద ఏం కావల్ల?"

వీధి మలుపులో బండి హారన్ మోగింది. ఆయన ప్లేటు పక్కన పెట్టి, మేకుకు తగిలించిన తన బెల్టు లాక్కొని వాకిట్లోకి పరుగెత్తాడు. నల్లోని మెడకు రెండు చుట్లు చుట్టి బిగించాడు.

"ఏమే, గ్రూపులో ఎవురికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తా? సింహం బొమ్మ బెల్టు కాలనీ మొత్తానికి నీ ఒక్కనికే కదప్పా ఉండేది."