నలభై రెండు అడుగులు

1988 ఆగస్టు మూడవ తేదీన నీటి సరఫరా కార్యాలయంలో మీటరు రీడరుగా చేరిన మా ఫిర్యాదుల విభాగం పర్యవేక్షకులు, ముప్పై ఏడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదకొండేళ్లు వారు ఇంటింటికీ కాలినడకన తిరిగి, గేటు వెనుక కుక్కలను బుజ్జగించి, మసకబారిన మీటరు అద్దాలను చేతిరుమాలుతో తుడిచి అంకెలు నమోదు చేశారు. 'నడక మాస్టారు' అన్న పేరు నాటిదే. గుమాస్తాగా, పిమ్మట పర్యవేక్షకులుగా పదోన్నతి పొందినా, పగిలిన పైపును కళ్లారా చూడనిదే ఫిర్యాదుపై సంతకం చేసేవారు కారు.

రెండేళ్ల క్రితం ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద అందరికీ అడుగులు లెక్కించే చేతిపట్టీలు ఇచ్చారు. మూడు నెలలు మాస్టారిదే అగ్రస్థానం. నాలుగో నెలలో ఒక్కసారిగా అట్టడుగుకు జారారు: రోజుకు నలభై రెండు అడుగులు! వారితోపాటు మా విభాగమూ జారింది. పక్క బల్ల నాదే గనుక అందరి విసుర్లూ నా చెవినే పడ్డాయి. చివరకు పథకం అధికారిణి స్వయంగా వచ్చారు.

"రోజూ మెట్లెక్కే వస్తున్నారు కదా మాస్టారూ, నలభై రెండేంటి?"

"అవి నావి కావమ్మా, మా ఆవిడవి. పక్షవాతం వచ్చాక మంచం దిగనని మొండికేసింది. పట్టీ తన చేతికి కట్టాను. నిన్న కిటికీ దాకా వెళ్లొచ్చింది."

"రూల్సు ఒప్పుకోవు కదండీ."

"నా పేరు కొట్టేయండి. పట్టీ మాత్రం కొన్నాళ్లు ఉంచండమ్మా. ఇక్కడ కూర్చుని ఫోన్లో చూస్తే, తను లేచిందని తెలుస్తుంది."

అధికారిణి మాస్టారి పేరు కొట్టేశారు, పట్టీ అడగలేదు. అప్పటినుంచి రోజూ పదకొండింటికి మా విభాగమంతా పని ఆపి వారి ఫోను చుట్టూ మూగేది. "నూట ఆరు!" అన్న రోజున చప్పట్లు కొట్టాం. మూడు వందలు దాటిన వారమే మాస్టారి భార్యకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి లేవలేదు.

ఆవిడ పోయాక కూడా మాస్టారు పదకొండింటికి ఫోను చూసి పక్కన పెట్టేవారు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

"సున్నా అనే చూపిస్తోందమ్మా," అన్నారు. "ఇంకా లేవలేదంతే, ఇప్పుడో ఇంకాసేపటికో లేస్తుంది అనిపిస్తుంది."



పక్కవీధిలో ఉన్న వారి కుమార్తె తండ్రిని తనవద్దే ఉంచుకుంటానన్నారు. వారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ, నిండు నూరేళ్ల జీవితాన్నీ మనసారా ఆకాంక్షిస్తున్నాం. "అన్నేళ్లు ఒక్కణ్ణే ఏం చేయాలి?" అని వారు అడగకపోరు. ఒక్కరే ఎందుకవుతారు మాస్టారూ? అమ్మాయి ఉంది, మేమున్నాం.