రామ్మోహనరావు గారు జరిపిన దీవి

రాయదుర్గం మెట్రో మెట్ల కింద వసంత టీబండి దగ్గర రామ్మోహనరావు గారు నోరు విప్పారంటే మా చేతిలో టీ చల్లారాల్సిందే. ఎదురు టవర్‌లో మీటింగ్ రూముల మైకులూ తెరలూ చూసుకోవడం ఆయన ఉద్యోగం, సొంతూరు భీమవరం పక్కన, కోతలు కోయడంలో ఆయనకు ఆయనే సాటి. ఆ మధ్యాహ్నం కూడా వస్తూనే, అక్కడ రోడ్డు కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి, కాలితో ఒక రాయిని బండి చక్రం కిందకి తోసి, "ఇక భూకంపం వచ్చినా ఇది కదలదండి" అని స్టూలు మీద కూర్చున్నారు.

కానీ ఆ రోజు ఎవరికీ కుదురు లేదు. ఫుట్‌పాత్ మీద బండ్లు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ లారీ ఆ వారమంతా ఈ చుట్టుపక్కలే తిరుగుతోంది. అది చూసుకుని ఇద్దరు పెద్దమనుషులు వసంతకు అండగా ఉంటామని బయల్దేరారు. ఒకడు బండ్లవాళ్ళ నాయకుడు నరేందర్. మా జెండా కట్టు, నీ జోలికి ఎవడూ రాడు, కాకపోతే మేము బంద్ అన్నప్పుడు పొయ్యి ఆర్పాలి, కొట్లాటకి పిలిస్తే ముందు వరసలో నిలబడాలి అంటాడు. రెండోవాడు టవర్ క్యాంటీన్ మేనేజర్ శ్యామ్. బండి గేటు లోపల పెట్టుకో, అక్కడికి ఏ లారీ రాదు, కాకపోతే బయటివాళ్ళకు చుక్క టీ పోయకూడదు అంటాడు. ఇటు సరేనంటే అటు కోపం. ఇద్దరికీ ఆ సాయంత్రమే జవాబు కావాలి.

వసంత గిన్నెలో గరిటె తిప్పుతూనే రోడ్డు చివర చూస్తోంది. పక్కన మిర్చిబజ్జీల బండి రాజయ్య కూడా నూనె చూడకుండా రోడ్డే చూస్తున్నాడు. క్యాబ్ నడిపే నర్సింహ, నేను ఏం సలహా చెప్పాలో తోచక ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాం.

"సార్, మీరు పెద్ద పెద్ద మీటింగులు చూసినోళ్ళు," అంది వసంత. "నేను ఎవ్వలతోని ఉండాలె? జర చెప్పున్రి."

రామ్మోహనరావు గారికి అంతకంటే ఏం కావాలి.

"చెప్తానమ్మా. ఒక దేశానికి చెప్పినవాణ్ణి, ఒక బండికి చెప్పలేనా? పోయిన వానాకాలం మాదాపూర్‌లో ఒక హోటల్లో పెద్ద మీటింగ్ జరిగిందండి, నన్ను మైకుల పనికి పిలిచారు. ఒక చిన్న దీవి దేశం వాళ్ళు వచ్చారు. పేరు అడక్కండి, చెప్పనని మాటిచ్చాను. ఎంత దేశమంటారా, ఇక్కడ నిలబడి తుమ్మితే అవతలి ఒడ్డున చిరంజీవ అంటారు, అంతే. వాళ్ళ రక్షణ మంత్రి మాట్లాడటానికి లేచాడు, మైకు కుయ్యిమంది. నేను వెళ్ళి వైరు సరిచేసి చెక్ చెక్ అన్నాను. ఇంతవరకూ నిజం, కావాలంటే ఆ హోటల్ వాళ్ళని అడగండి."

"ఇంతవరకు నిజమే అనుకుందాం," అన్నాడు నర్సింహ.

"నర్సింహా, నీకు ఓపిక తక్కువయ్యా. నేను చెక్ అనగానే ఆ మంత్రి నా గొంతు విని అలా నిలబడిపోయాడండి. చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. మాకు ఉత్తరాన ఒక పెద్ద దేశం, దక్షిణాన ఒక పెద్ద దేశం ఉన్నాయి, ఉత్తరం వాడు మీ రేవులో మా యుద్ధనౌకలు పెట్టనివ్వండి, మిమ్మల్ని కాపాడతాం అంటాడు, దక్షిణం వాడు రేవు మాకివ్వండి, వాణ్ణుంచి మేం కాపాడతాం అంటాడు, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది మా బతుకు, ఏం చెయ్యమంటారు బాబూ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంత్రి అండి! నా షర్టు భుజం తడిసిపోయింది."

వసంత గరిటె ఆపింది. "నా లెక్కనే ఉన్నది గదా సార్. మీరేం చెప్పిన్రు?"

"చిన్నవాడు పెద్దవాడితో చేతులు కలిపేటప్పుడు రెండు భయాలుంటాయి అన్నానమ్మా. మనకి ఆపదొచ్చి పిలిస్తే రాడేమోనని ఒకటి. వాడికి గొడవొచ్చినప్పుడు మనల్ని ఈడ్చుకుపోతాడేమోనని ఇంకొకటి. దగ్గరికి జరిగితే రెండో భయం, దూరం జరిగితే మొదటి భయం. మంత్రి ఈ ముక్క విని అక్కడే కూలబడ్డాడు. ఇంత చదివాను, ఇంతమంది సలహాదారుల్ని పెట్టుకున్నాను, ఒక్కడూ ఈ మాట చెప్పలేదు అన్నాడు."

మాట బాగుందనే అనిపించింది. ఆయన కోతల్లో ఎక్కడో ఒక గింజ ఉంటుంది, మిగతాదంతా పొట్టు. ఇంతలో నా ఫోన్ మోగింది, మీటింగ్‌కి రమ్మని. కట్ చేశాను. నర్సింహకి రైడ్ వచ్చింది. వద్దనేశాడు.

"మరి ఏ దిక్కు పొమ్మన్నరు?" అంది వసంత.

"అక్కడికే వస్తున్నాను. ఇలా హోటల్లో నిలబడి చెప్పే విషయం కాదు, నేనే వచ్చి చూస్తానన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా టవర్ మీద హెలికాప్టర్ దిగింది. మా మేనేజర్ లీవ్ లెటర్ అడిగితే మంత్రి గారే సంతకం పెట్టారు. వెళ్ళేసరికి రేవుకి అటు ఉత్తరం నౌకలు, ఇటు దక్షిణం నౌకలు, మధ్యలో దీవి. ఆంబోతులు కొట్లాడుకుంటే లేగదూడలు నలిగినట్టు జనం ఇళ్ళల్లోంచి బయటికి రావట్లేదు. నేను సరాసరి ఒడ్డుకి వెళ్ళి, ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన మైకు తీసి చెక్ అన్నానండి, అలలు ఆగిపోయాయి."

"అలలు గూడ?" అన్నాడు నర్సింహ.

"మంచి మైకయ్యా. ఇద్దరు నౌకాధిపతుల్నీ ఒడ్డుకి పిలిచి కూర్చోబెట్టి, పెసరట్టు వేయించి పెట్టాను. చెరొక చెవిలో చెప్పాను, రేవు మీకేనండి అని. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు, ఉత్తమాట, కాళ్ళు పొడుగ్గా ఉంటే పెట్టొచ్చు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉత్తరం వాడు రేవులోకి వస్తాడు, ఆటు మీదున్నప్పుడు దక్షిణం వాడు వస్తాడు, ఒకడి సంగతి ఒకడికి తెలీదు. దేశం హాయిగా ఉంది. రాజుగారు నాకు పెద్ద బంగళా ఇస్తానన్నారు, నేనే వద్దన్నాను, ఇక్కడ టీ దొరకదు కదా అని."

"అయితే నేను గూడ ఇద్దరికీ సరే అనాల్నా?" అంది వసంత. ఆమె గొంతులో ఆశ వినపడింది, నాకు భయం వేసింది. నరేందర్‌కీ శ్యామ్‌కీ ఒకే సాయంత్రం సరేనంటే ఏమవుతుందో ఊహించడానికి దీవి దాకా పోనక్కర్లేదు.

"సార్, చివర దాక చెప్పున్రి ముందు," అన్నాను.

"చివరే చెప్తున్నాను. ఒకరోజు పోటు కాస్త ఆలస్యమైందండి. ఇద్దరూ రేవులో ఒకేసారి ఎదురుపడ్డారు. అంతే. రెండువైపులా ఫిరంగులన్నీ దీవి మీదకి తిరిగాయి. తెల్లారేసరికి ఎవరి పక్షమో తేల్చు, లేకపోతే దీవే ఉండదన్నారు. రాజుగారు మంచం కింద దూరారు. మంత్రి నా కాళ్ళ మీద పడ్డాడు. నేను ఒక్క క్షణం ఆలోచించాను, ఒకే ఒక్క క్షణం. వీళ్ళిద్దరి మధ్యలో ఉండటం వల్ల కదా ఈ తంటా. మధ్యలోంచి తప్పుకుంటే పోలా?"

"దేశం ఎట్ల తప్పుకుంటది సార్?"

"జరిపేశాను, నర్సింహా. దీవిని జరిపేశాను."

రాజయ్య బజ్జీల గరిటె గాలిలో అలాగే పట్టుకుని మా వైపు తిరిగాడు.

"కిందంతా భూమికి అంటుకొని ఉండదా?" అన్నాడు.

"అందరూ అలాగే అనుకుంటారు రాజయ్యా. నేను మునిగి చూశాను కదా. అంచుల్లో కాస్త నాచు పట్టి అంటుకుంది అంతే. ఊళ్ళో ఆడవాళ్ళందరితో వేడినీళ్ళు కాయించి పోయించాను, ఊడొచ్చింది. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా మీటింగ్ రూముల్లో పాత కేబుళ్ళన్నీ తెప్పించి తాడు పేనించాను. ముందు తిమింగలాల్ని కట్టాను, వెనక దేశమంతా వరసగా నిలబడింది, వాళ్ళందరికీ ముందు నేను. ఈ కుడి భుజం ఆనించి ఒక్క తోపు తోశానండి! కొబ్బరిచెట్లు ఊగాయి, గుడి గంటలు వాటంతటవే మోగాయి, దీవి పడవలాగా కదిలింది. తెల్లారి ఇద్దరూ ఫిరంగులు పేల్చారు, ఏముంది అక్కడ, ఉత్త నీళ్ళు. మ్యాపుల్లో ఇప్పటికీ దొరకదు. ఎందుకు దొరకదు?"

"ఎందుకు?" అన్నాను, తప్పక.

"ఇంకా కదులుతోంది కాబట్టి. నేను తోసిన ఊపు అలాంటిది."

అప్పుడే రాజయ్య గరిటె మూకుడు మీద టంగు టంగున మోగింది.

అది ఆ రెండు బండ్ల మధ్య ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటు. లారీని ముందు ఎవరు చూస్తే వాళ్ళు గిన్నె మోగించాలి. అప్పుడు ముందు పాలు కాగుతున్న బండి, తర్వాత నూనె బండి, రెండూ పక్క సందులోకి పోవాలి. టీ తాగేవాళ్ళు కప్పులు కింద పెట్టి చెయ్యి వెయ్యాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు, రెండుసార్లు అక్కడ టీ తాగితే వచ్చేస్తుంది.

లారీ సిగ్నల్ దగ్గర నిలబడి ఉంది. ఆకుపచ్చ లైటు పడితే వచ్చేస్తుంది.

వసంత గ్యాస్ కట్టేసి ఫోన్ తీసింది. నరేందర్‌కి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది, ఈసారి కట్ చేశాడు. ఆమె టవర్ గేటు వైపు తిరిగి, "అన్నా, జర గేటు తియ్యి, మీ సారే రమ్మన్నడు" అని అరిచింది. గేటు దగ్గర మనిషి పాపం మంచివాడే, లోపలికి ఫోన్ చేసి అడిగి, "ఇయ్యాల కాదంటున్నరు అక్కా, పర్మిషన్ గావాలంట" అన్నాడు. ఆమె మొహం చూడలేకపోయాను. ఆ బండి పోతే ఆమెకు రేపు లేదు.

ఇంతలో రాజయ్య తన నూనె మూకుడు అలాగే వదిలేసి వచ్చి టీబండి పిడి పట్టుకున్నాడు. నర్సింహ ఇటు, నేను అటు పట్టుకున్నాం. రామ్మోహనరావు గారు మాత్రం స్టూలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డారు.

"సార్," అన్నాడు నర్సింహ రొప్పుతూ, "దేశాన్నే నూకినోళ్ళు, దీనికి ఒక చెయ్యి వెయ్యున్రి."

పాపం, అంతమంది ముందు ఏం చేస్తారు. స్టూలు దించి, చొక్కా చెయ్యి మడిచి, ఆ కుడి భుజమే బండికి ఆనించారు. "హైలెస్సా" అన్నారు. తోశాం. బండి కదల్లేదు. పాలు తొణికి పొయ్యి మీద పడ్డాయి. "ఇంకాస్త గట్టిగా, ఊపిరి బిగబట్టండి" అని ఆయన మమ్మల్నే కసురుకుంటున్నారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, బండి మాత్రం పాతేసినట్టు అక్కడే ఉంది. సిగ్నల్ ఆకుపచ్చ పడింది.

నాకు అప్పుడు తట్టింది. వంగి చక్రం కింద చెయ్యి పెట్టి, ఆయన వస్తూ పెట్టిన రాయిని లాగి పక్కన పడేశాను. బండి గబుక్కున ముందుకి పోయింది, ఆయన దాని వెనకే నాలుగడుగులు పరుగెత్తి సందు గోడకి ఆనుకున్నారు. మేము వెనక్కి పరుగెత్తి రాజయ్య బండిని కూడా లాక్కొచ్చాం. లారీ నెమ్మదిగా వచ్చి, ఫుట్‌పాత్ మీద ఒంటరిగా ఉన్న స్టూలుని చూసి, అలాగే వెళ్ళిపోయింది.

సందులో కాసేపు అందరం రొప్పుతూ నిలబడ్డాం. వసంత ఫోన్ మోగింది. నరేందర్.

"ఏం లేదన్నా," అంది ఆమె. "ఇందాక పని పడ్డది, అయిపోయింది. నీకు చాయ్ తాగబుద్ధయితే రా, పోస్త. జెండా మాత్రం వద్దు." ఫోన్ పెట్టేసి గేటు మనిషికి కూడా కేకేసింది. "అన్నా, మీ సారుకు చెప్పు. చాయ్ కావాలంటే పంపిస్త. బండి లోపలికి రాదు."

"ఇద్దర్నీ కాదంటివి," అన్నాడు రాజయ్య, కొంచెం బెదిరినట్టే. "రేపటి సంగతి?"

"నువ్వు నూనె ఇడిసిపెట్టి వస్తివి గదా. రేపు నేను పాలు ఇడిసిపెట్టి వస్త." ఆమె మిగిలిన పాలు పొయ్యి మీద పెట్టింది. టీ కాచి తలా ఒక కప్పు పోసింది.

రామ్మోహనరావు గారు జేబురుమాలుతో మెడ తుడుచుకుని, భుజం నిమురుకుంటూ మా మధ్యకి వచ్చారు. "చూశారా అండి, అదీ ఊపంటే. దీవిని కూడా సరిగ్గా ఇలాగే..."

నర్సింహ టీ ఊదుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"అవునుగానీ సార్, అక్కడ రాయి ఎవ్వలు తీసిన్రు?"