అడవి ఉల్లి పూసింది

హలో… ఆ, నేనే అన్నయ్యా, రమాసుందరిని. కాలేజీలోనే ఉన్నా, చెప్పు…

పూసిందా! మంగళగిరి కొండ మీంచి తెచ్చి మీ డాబా మీద పెట్టానే, ఆ అడవి ఉల్లేనా?… ఎప్పుడు?

మొన్నా! మొన్న పూస్తే ఇవాళా చెప్పేది? సర్లే, ఇప్పుడే బస్సెక్కుతా, రెండు గంటల్లో పామర్రులో ఉంటా…

ఎందుకు రావద్దు?

…వదిన కోసేసిందా? పూజకా!

అరవట్లేదు… అవును, అరుస్తున్నా. నాలుగేళ్లన్నయ్యా! పువ్వు చూస్తే గానీ అది ఏ జాతో తేల్చలేనని ఎన్నిసార్లు చెప్పాను? కాడ లేవగానే ఫోన్ చెయ్యమన్నానా లేదా?… మర్చిపోయావా. పోనీ వదినకైనా చెప్పావా?… అదీ లేదు.

ఇంకోటి తెచ్చుకోవడానికి అక్కడేముంది? రోడ్డు కోసం ఆ వైపంతా తవ్వేశారు. నాకు మిగిలింది ఆ ఒక్క గడ్డే… "ఉల్లిపాయే కదా" అనకు అన్నయ్యా, ఒళ్లు మండుతోంది.

ఏ రంగు పువ్వు?… "తెలుపులాంటిది" అంటే? రేకులెన్ని?… చూళ్లేదు. రోజూ అక్కడే కూర్చుని కాఫీ తాగుతావు, చూళ్లేదు!

వదినకివ్వు ఫోను… తిట్టనులే, ఇవ్వు.

వదినా… అయ్యో, ఏడవకండి. మీకెవరు చెప్పారు గనక…

ఊఁ… నాలుగు దాటాక విచ్చాయా? దగ్గర కూర్చుని చూశారా!… ఆగండాగండి, పెన్ను తీసుకోనివ్వండి.

ఆరు రేకులు… లోపల తెలుపు… వెనకాల సన్నటి ఆకుపచ్చ గీత, చివరిదాకా… ఊఁ… కింది నుంచి ఒక్కొక్కటే… మొత్తం పదకొండు. లెక్కపెట్టారా!… వాసన?… వాన పడ్డ గడ్డిలా.

దీపం పెట్టే వేళకి కోశారు… తెల్లారేసరికి పటం ముందే ముడుచుకుపోయాయా… ఎండినవైనా ఫర్వాలేదు వదినా, దాచండి, నేనొచ్చి…

…కాలవలో కలిపేశారా.

లేదు, మీ మీద కోపం లేదు. నేను కూడా ఒక్కసారి చూద్దామనుకున్నా… అంతే.

వినండి, వచ్చే ఏడు కాడ లేవగానే మీరే ఫోన్ చెయ్యండి, ఆయనకి అప్పజెప్పకండి. ఇంకోటి… మీ పూర్తి పేరేంటి? శాంభవి ఒక్కటేనా, ఇంకేమన్నా ఉందా?

ఎందుకంటే, నా రికార్డులో "చూసినవారు" అని ఒక గడి ఉంటుంది. నాలుగేళ్లుగా ఖాళీగా ఉంది… నవ్వకండి, నిజంగానే… మరి చూసింది మీరే కదా వదినా.

శివ శాంభవి… రాశాను.

వద్దొద్దు, అన్నయ్యకివ్వకండి. ఆయనతో ఇవాళ మాట్లాడను… ఉంటాను.