ఖండేనవమి కొబ్బరికాయ

మర్నాడు ఎంబీఏ సీటు కోసం ఆమెకు ఇంటర్వ్యూ. తర్ఫీదు ఇస్తానని పెద్ద ఇంజినీరే ఆమెను తాము పనిచేసే చాకణ్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి పిలిచాడు.

“ఇంజినీరువి కదా, నీకు ఎంబీఏ ఎందుకు?”

“వ్యాపారం మొత్తంగా అర్థం చేసుకోవాలని, పదిమందినీ నడిపించాలని సర్.”

“చిలకపలుకులు. అసలు సంగతి చెప్పు.”

“చెప్తే సీటు రాదు.”

“నాకు చెప్పమ్మా.”

“ఆ కొత్త ప్రెస్సు మెషీన్ని గ్రీజులో మునిగి నిలబెట్టింది నేను. మెషీన్ ఎవరు నిలబెడితే వాళ్లే దసరా ముందురోజు ఖండేనవమి ఆయుధపూజలో దాని ముందు కొబ్బరికాయ కొట్టాలి. మన ఆనవాయితీ అదే కదా?”

“అదే.”

“కొట్టింది నింబాళ్కర్. నిన్నగాక మొన్న వచ్చిన మేనేజరు. ఆ ప్రెస్సు ఎలా ఆన్ చెయ్యాలో కూడా తెలీదు. ఎంబీఏ ఉంది, అంతే. నేను హారతి పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాను.”

“ఒక్క కొబ్బరికాయ కోసం ఉద్యోగం మానేస్తావా?”

“కాయ కోసం కాదు సర్. అది అతనికి ఎవరిచ్చారో చూశాను కాబట్టి.”

ఆయన చల్లారిపోయిన టీ వంక చూశాడు.

“ఆ రోజు ముంబై నుంచి పెద్దవాళ్లొచ్చారు కదమ్మా. నా పరిస్థితి...”

“నేను చెయ్యి చాపాను సర్. మీరు నన్ను దాటుకుని వెళ్లి అతనికిచ్చారు.”

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“రెండో ప్రశ్న అడగండి సర్.”

“చదువయ్యాక... నీ లక్ష్యం ఏమిటి?”

“మెషీన్ నిలబెట్టింది ఇంకొకరని తెలిసి కూడా, మీలాంటివాళ్లు కాయ తెచ్చి నా చేతిలో పెట్టాలి.”